మందుకు విరుగుడు ఉందా?

బ్రాందీని, విస్కీని మనం ‘మందు’ అంటాం. ఆ మందుకు మళ్లీ విరుగుడు వెతుక్కుంటాం. తాగేముందు ఉసిరికాయ నమిలితే కడుపు కాలదంటారు. పొద్దున్నే నిమ్మరసమో మజ్జిగో పడితే రాత్రి తాగిందంతా విరిగిపోతుందంటారు. ఇప్పుడు ఈ నమ్మకానికి యాంటీఆక్సిడెంట్ అనే మాట తోడైంది. తాతలు చెప్పిందే సైన్సు రుజువు చేసిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. రుజువైంది ఎంతో చూద్దాం.

2011లో ఇటలీ, సెర్బియా, స్పెయిన్ పరిశోధకులు ఎలుకలకు పది రోజులు స్ట్రాబెరీ సారం పెట్టి, ఆ తర్వాత ఆల్కహాల్ పట్టించారు. సారం తిన్న ఎలుకల కడుపులో పుండ్లు తక్కువగా పడ్డాయి. కడుపు లోపలి గోడను ఒక జిగురు పొర కాపాడుతుంది. గాఢమైన ఆల్కహాల్ ఆ జిగురును చెదరగొట్టి, కింద ఉన్న కణాలను నేరుగా చంపుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతిని నెత్తురు కారుతుంది. అక్కడ పుట్టే ఫ్రీ రాడికల్స్ మిగిలిన కణాలనూ పాడుచేస్తాయి. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు ఈ చివరి దెబ్బను కొంత ఆపగలవు. మన ఉసిరి మీద కూడా ఎలుకల్లో ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ఇక్కడిదాకా నిజమే, దీన్ని కొట్టిపారేయడం హేతువాదం కాదు.

కానీ ఎలుక తాగింది ఒక్కసారి. కాసేపటికే దాన్ని చంపి కడుపు కోసి చూశారు. ఇరవై ఏళ్లు రోజూ తాగే మనిషి సంగతి ఆ ప్రయోగం చెప్పదు. ఆ పరిశోధనను నడిపించిన మౌరిజియో బత్తీనో కూడా, ఇది తాగిన మత్తుకు మందు కనిపెట్టడానికి చేసిన పని కాదని తేల్చి చెప్పారు.

మనుషుల మీద జరిగిన పరీక్ష ఒకటి మనందరికీ గుర్తుండాలి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, సగంమందికి ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ మాత్రలిచ్చారు. క్యారెట్‌లో ఉండే పదార్థమే అది, పేరున్న యాంటీఆక్సిడెంట్. క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. 1994లో ఫలితం చూస్తే, మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. మద్యం ఎక్కువ తాగేవాళ్లలో ఆ ముప్పు మరింత కనబడింది. మొక్కలో ఉండేదే కదా, చెడు చేయదులే అనే నమ్మకాన్ని ఈ లెక్క నిలవనివ్వదు.

అసలు పొరపాటు ‘విరుగుడు’ అనే ఊహలోనే ఉంది. తాగిన ఆల్కహాల్‌లో ఎక్కువ భాగం చిన్నపేగు నుంచి రక్తంలోకి పోతుంది, కాలేయంలో ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. కడుపులో మంట చల్లారినా ఆ పని ఆగదు. మంట తగ్గిందన్న ధైర్యంతో ఇంకో పెగ్గు పోసుకుంటే కాలేయానికి ఇంకాస్త భారం. మద్య పానీయాలు మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది.

పచ్చకామెర్లకు ఇచ్చే నేల ఉసిరి పసరు మందు విషయమూ ఇంతే. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు నేల ఉసిరికి దక్కుతుంది. తాగేవాడి కామెర్లు అలాంటివి కావు. అవి కాలేయం చేతులెత్తేస్తున్న గుర్తు. పసరు తాగుతూ గడిపిన ప్రతి వారమూ ప్రాణంలోంచి కోసిచ్చిందే.

ఉసిరి తినండి, జామ తినండి, అవి మంచి ఆహారం. మీ ఇంట్లో తాగే మనిషికి కళ్లు పచ్చబడినా, వాంతిలో నెత్తురో కాఫీ పొడిలాంటి నలుపో కనబడినా, విరేచనం తారులా నల్లగా అయినా పసరు కోసం ఊళ్లు తిరగకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.