వెయ్యి పదాల పీడీఎఫ్‌తో మన పోడు నిలబడదు



వారం నుంచి గ్రూపులో ఒకటే పీడీఎఫ్ తిరుగుతోంది. రోజుకి యాభై ఇంగ్లీషు పదాలు, నెల తిరిగేసరికి ఒకాబులరీ పక్కా అట. మనోళ్ళు హాస్టల్ గోడలకి కూడా అంటించేశారు. కోపం తెచ్చుకోవద్దు గానీ ఒక్క మాట అడుగుతాం. 'మ్యాగ్నానిమస్' బట్టీ కొట్టిన మనకి 'కన్సల్టేషన్'కీ 'కన్సెంట్'కీ తేడా తెలుసా?

1996 పెసా చట్టంలో భూసేకరణకి ముందు గ్రామసభని 'కన్సల్ట్' చేయాలని ఉంది. అంటే సంప్రదించాలి, అంతే. 2013 భూసేకరణ చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతాలకి 'ప్రయర్ కన్సెంట్' అన్నారు. అంటే ముందుగా మన ఒప్పుకోలు ఉండాలి. మనమేమో రెండిటినీ 'గ్రామసభని అడగాలి' అని ఒకే మాటలో చుట్టేస్తాం. అడగడం వేరు, ఒప్పించడం వేరు కదా!

ఇంకోటి. 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనే 'రికగ్నిషన్' ఉంది. మనం దరఖాస్తులో 'ప్లీజ్ గ్రాంట్ పట్టా' అని రాస్తాం. గ్రాంట్ అంటే ఇచ్చేవాడి దయ. రికగ్నిషన్ అంటే ఎప్పట్నుంచో మనదైనదాన్ని మనదని ఒప్పుకోవడం. మన చేత్తో మనమే హక్కుని బిచ్చం చేసుకుంటున్నాం.

ఇది ఎవరినో అనడం కాదు. పోడు క్లెయిమ్ తిరస్కరించినప్పుడు ఊరోళ్ల తరఫున అప్పీలు రాసింది మేమే. పేజీ నిండా 'కైండ్లీ', 'హంబుల్లీ'. ఎన్ని ఎకరాలు, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉందా, తిరస్కరించింది ఏ తేదీన, ఒక్కటీ రాయలేదు. అప్పీలు గడువు 60 రోజులు. తేదీయే లేకపోతే ఎక్కణ్ణుంచి లెక్కపెడతారు? కాగితం వెనక్కొచ్చింది. ఆ రోజు మాకు లోటైనవి పెద్ద పదాలు కావు.

'ఇంగ్లీషు మనకెందుకు, గోండీ, కోయ, కువి ఉన్నాయిగా' అనే అన్నలూ ఉన్నారు. మన భాషలు మనకి ప్రాణం, అందులో వాదం లేదు. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన జైపాల్ సింగ్ ముండా 1946లో రాజ్యాంగ సభలో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మనల్ని తిట్టే 'జంగ్లీ' అన్న మాటనే గర్వంగా చెప్పుకున్నాడు. 'ఆదివాసీ' అనే పేరు కోసం అక్కడే కొట్లాడాడు. ఇంగ్లీషు నేర్చినందుకు ఆయన మనోడు కాకుండా పోయాడా?

మేమైతే ఆ పీడీఎఫ్ తీసేశాం. చట్టం ఇంగ్లీషు ప్రతి, తెలుగు ప్రతి పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాం. ఒక్కో పదానికి మన ఊరి సంగతితో ఒక వాక్యం నోటుబుక్కులో రాస్తున్నాం. వారానికి పది పదాలు కూడా దాటట్లేదు, అయినా ఒక్కటీ మర్చిపోలేదు.

ఈ ఆదివారం మీరూ 2006 చట్టం సెక్షన్ 6 తెరవండి. అప్పీలు వేసేవాళ్లకి 'మే' అని, దాన్ని పరిశీలించే కమిటీకి 'షల్' అని ఉంటుంది. వేయడం మన ఇష్టం, పరిశీలించడం వాళ్ల బాధ్యత. ఆ రెండు మాటల కింద గీత గీసి ఫోటో గ్రూపులో పెట్టండి. జై ఆదివాసీ.