కుటుంబ ఆరోగ్యము: ప్రేగులలోని కావలివారు



ఇంట్లో ఒకరు నెలల తరబడి కడుపునొప్పితో, విరేచనములతో బాధపడుతున్నారనుకోండి. మొదట అందరమూ జాలి చూపుతాము. పరీక్షలలో వెంటనే ఏమీ తేలకపోతే మన మాట మారుతుంది. "అదంతా దిగులే, మనసు గట్టి చేసుకో" అంటాము. కోడలైతే "పని తప్పించుకోవడానికే" అని కూడా అనేస్తాము. ఆ మాట ఎంతవరకు న్యాయమో ఈ నెల ఆలోచిద్దాము.

మన ప్రేగుల గోడలో ప్రేగులకే సొంతమైన నరముల వల ఒకటి ఉంది. 19వ శతాబ్దములో మైస్నర్, అవర్బాఖ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దానిని వర్ణించారు. తిన్న ఆహారమును ముందుకు నడిపించడం, రసములు ఊరేలా చేయడం ఈ నరముల పని. ఈ నరకణములను అల్లుకొని మరికొన్ని కణములు ఉంటాయి. వాటి పేరు గ్లియా. గ్రీకు భాషలో ఆ మాటకు జిగురు అని అర్థము. నరములను పట్టి ఉంచడం తప్ప వీటికి పెద్ద పని లేదని చాలాకాలము అనుకున్నారు.

1998లో ఒక ప్రయోగము ఆ తలంపును కదిలించింది. చిట్టెలుకలలో ఈ కణములను మాత్రమే నశింపజేయగా కొద్ది దినములలోనే చిన్నప్రేగు వాచి, రక్తము స్రవించి, అవి చనిపోయాయి. ఇటువంటి వాపును, మంటను వైద్యులు శోథ అంటారు. అయితే 2017లో వేరొక పద్ధతిలో ఈ కణములను తొలగించినప్పుడు అటువంటి శోథ కనబడలేదు. కనుక ఒక్క ప్రయోగముతోనే తీర్పు చెప్పరాదు.

మరి ఇవి చేసే పని ఏమిటి? పంటచేలో మంచె మీద కావలివాడు పిట్టలన్నిటినీ తానే పట్టడు; కేక వేసి మనుషులను పిలుస్తాడు. ఇవీ అలాగే చేస్తాయి. 2016లో లిస్బన్ నగరపు పరిశోధకులు దీనిని ఎలుకలలో చూపించారు. ప్రేగు లోపలి పొర క్రింద ఉన్న గ్లియా సూక్ష్మజీవుల జాడను పసిగట్టి ఒక పదార్థమును వదులుతుంది. దానితో దగ్గరనున్న రోగనిరోధక కణములు మేల్కొని, లోపలి పొరను బాగుచేసే మరొక పదార్థమును తయారుచేస్తాయి. 2021లో లండన్ పరిశోధకులు ఎలుకల ప్రేగులలో చేరే ఒక పురుగును తీసికొని పరీక్షించారు. గ్లియాకు అందవలసిన ఒక సంకేతమును ఆపివేయగా శోథ హెచ్చింది, గాయము సరిగా మానలేదు.

అయితే కావలివాడే తప్పుగా కేకలు వేస్తే? 2023లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పరిశోధకులు దీనిని గమనించారు. ఎలుకలను చాలా రోజులు ఒత్తిడికి గురిచేయగా, ఒత్తిడి హార్మోను వలన గ్లియా స్వభావము మారిపోయింది. అవి శోథను రేపే రక్తకణములను ప్రేగులోనికి రప్పించాయి. ఇదే జాతి హార్మోను కొద్దికాలము పనిచేస్తే శోథను అణచుతుంది. స్టెరాయిడ్ మందులు వాడేది అందుకే. ఎడతెగక ఎక్కువైతే ఫలితము తారుమారు కాగలదని ఈ పరిశోధన చూపింది.

ఇందులో మనము నేర్చుకోవలసినది ఇది. దిగులు ప్రేగు వ్యాధిని పెంచవచ్చును. కాని ఆ వ్యాధి కల్పితము కాదు. అది ప్రేగు గోడలో, కణములలో జరిగేది. "నీ మనసులోనే ఉంది" అని నిందిస్తే రోగి దిగులు ఇంకా పెరుగుతుంది. తోడుగా ఆసుపత్రికి వెళ్ళడం, ఇంటి పని పంచుకోవడం, రాత్రి నిద్రకు వీలు కలిగించడం కూడా మన చేతిలోని సహాయములే. అవి మందులకు బదులు కావు గాని మందులతోపాటు కావాలి.

మలములో రక్తము, వారాల తరబడి విరేచనములు, రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరము, బరువు తగ్గడం – వీటిలో ఏది కనబడినా "గ్యాస్" అని ఊరుకోవద్దు. మన దేశములో ప్రేగులకు వచ్చే క్షయ, క్రోన్ అనే ప్రేగు శోథ వ్యాధి ఒకదానినొకటి పోలి ఉంటాయి. క్షయ ఉన్నవారికి పరీక్ష లేకుండా స్టెరాయిడ్ ఇస్తే వ్యాధి ముదురుతుంది. కనుక ఊరిలో ఇచ్చిన బిళ్ళలతో కాలము గడపక, పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించండి. ఇప్పటికే డాక్టరుగారు స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే, పైన చెప్పినది చదివి మీ అంతట మీరే ఆపవద్దు. అకస్మాత్తుగా ఆపడం ప్రమాదము.

మీ ఇంట్లో అటువంటి రోగి ఎవరైనా ఉంటే, ఈ సాయంత్రము వారి ప్రక్కన కూర్చొని, "నీ బాధ నిజమే, రేపు కలిసి వెళ్దాము" అని చెప్పండి.