బొమ్మ కారుకూ లైసెన్సు

తెరమీద పిల్లలాడే కారు పందేలన్నీ ఒక్కటి కావు. జపానులో కజునోరి యమౌచి బృందంవారు 5 ఏళ్ళు శ్రమించి 1997 డిసెంబరులో వెలువరించిన 'గ్రాన్ టురిస్మో' చూడండి. నిజమైన కార్లే 100కు పైగా. దేని బరువు దానిది, దేని పట్టు దానిది. మలుపులో బ్రేకు ఆలస్యమైతే దారి తప్పవలసిందే. పెద్ద పందేలకు ముందు లైసెన్సు పరీక్షలు కూడాను! గీత దాటకుండా బండి ఆపడం అందులో ఒకటి. చూసినంత సులువు కాదండీ.

ఈ ఆటల పోటీలో 2008లో నెగ్గిన స్పెయిన్ యువకుడు లూకాస్ ఒర్దోనెస్, నిజమైన బండిమీద శిక్షణ పొంది, 2011 లె మాన్ పందెంలో తన విభాగాన రెండవవాడైనాడు.

అంత నిజంలోనూ ఆ మొదటి ఆటలో ఒక లోటున్నది: గోడకు గుద్దినా కారుకు సొట్టపడదు. స్కూటరు తాళం అడిగే మా ఇంటి కుర్రవాళ్ళకు ముందుగా ఈ ముక్కే చెప్పినాము.