టాప్ తీసేదా.. తీయనిదా?

'ఓ స్పోర్ట్స్ కారు కొందామనుకుంటున్నా' అని అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్లో చెప్పాడనుకోండి. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'ఎందుకురా?' దానికి ఎవరి దగ్గరా సరైన సమాధానం ఉండదు. రెండోది, 'ఎంతరా?' దీనికి వచ్చే జవాబు కాస్త ఆశ్చర్యపరుస్తుంది. ఎందుకంటే అక్కడ పదిహేను ఇరవయ్యేళ్ల పాత పోర్షె కారు ఒక్కోసారి కొత్త టయోటా క్యామ్రీ కన్నా తక్కువకే దొరుకుతుంది. మూడో ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు. నిజానికి కొన్నాక జేబుకి చిల్లు పడుతుందా లేదా అన్నది చాలావరకూ తేలేది దాంతోనే. అదే.. టాప్ తెరుచుకునే కారా? తెరుచుకోని కారా?

టాప్ తెరుచుకోని రెండు తలుపుల కారుని కూపే అంటారు. ఫ్రెంచి మాట. 'కోసినది' అని అర్థం. గుర్రపు బగ్గీల రోజుల్లో ఎదురెదురు సీట్లుండే పెద్ద బండికి ముందు భాగం కోసేసి ఒకే వరుస సీటు మిగిల్చారు. దానికా పేరొచ్చింది. టాప్‌ను మడిచి వెనక దాచేసుకునే కారు కన్వర్టిబుల్. రోడ్‌స్టర్, క్యాబ్రియోలే, స్పైడర్.. కంపెనీని బట్టి పేరు మారినా చూసేవాళ్లకి అన్నీ టాప్ లేని కార్లే!

ఒక తల్లి బిడ్డలే!

ఈ రెంటికీ తేడా తెలియాలంటే పోర్షెవాళ్ల బాక్‌స్టర్, కేమన్‌లని పక్కపక్కన పెట్టి చూడాలి. 1993లో డెట్రాయిట్ ఆటో షోలో నమూనాగా కనిపించిన బాక్‌స్టర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. బాక్సర్ ఇంజిన్, రోడ్‌స్టర్.. ఈ రెండు మాటలూ కలిపి పేరు పెట్టారు. 2005లో అదే కారుకి గట్టి టాప్ బిగించి కేమన్ అన్నారు. అది దక్షిణ అమెరికాలో ఉండే ఓ రకం మొసలి పేరు. రెంటిలోనూ సీట్లు రెండే. ఇంజిన్ సీట్ల వెనకాలే.

మామూలుగా కన్వర్టిబుల్ ధరే ఎక్కువుంటుంది. మడతపడే టాప్, దానికి మోటార్లు.. అదంతా అదనపు ఖర్చు కదా. కానీ పోర్షె తిరగేసింది. టాప్ కదలని కేమన్‌కే ఎక్కువ ధర పెట్టింది. 2016లో 718 మోడల్ వచ్చినప్పుడుగానీ ఆ వరస మారలేదు. దాంతో ఆ పాత మోడళ్లలో ఒకే ఏడాది, ఒకే స్థితిలో ఉన్న బండ్లు చూస్తే సెకండ్ హ్యాండ్‌లో బాక్‌స్టరే చవగ్గా వస్తుంటుంది. చవకని చూడగానే చేతులు చాచకండి. తేడా ఎక్కడుందో ముందు చూడాలి.

చెప్పుల డబ్బా పాఠం

ఓ అట్ట చెప్పుల డబ్బా తీసుకోండి. మూత పెట్టి రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పండి. అంత తేలిగ్గా తిరగదు. మూత తీసి తిప్పండి.. ఇట్టే వంకర పోతుంది. కారు శరీరమూ అంతే. టాప్ ఎండకీ వానకీ అడ్డు మాత్రమే కాదు, కారుని బిగించి ఉంచే మూత కూడా. అది లేకపోతే గతుకుల్లో అద్దం అదురుతుంది, డ్యాష్‌బోర్డు సన్నగా వణుకుతుంది. ఆ లోటు పూడ్చడానికి కన్వర్టిబుల్‌కి అడుగున అదనపు ఉక్కు వేస్తారు. దాంతో చాలా కన్వర్టిబుల్స్ తమ కూపే జోడీ కన్నా బరువుగా ఉంటాయి. బాక్‌స్టర్‌ని మొదటి గీత నుంచీ టాప్ లేని కారుగానే గీశారు కాబట్టి దానికా ఇబ్బంది తక్కువ. అయినా మలుపుల్లో బిగువు విషయంలో కేమన్‌దే పైచేయి.

సామాన్ల సంగతి కూడా చూడాలి. 2005 తరం బాక్‌స్టర్‌లో ముందూ వెనకా డిక్కీలు కలిపి 280 లీటర్లు. అదే తరం కేమన్‌లో 410 లీటర్లు. వారాంతంలో భార్యాభర్తలిద్దరూ రెండు సూట్‌కేసులతో బయల్దేరాలనుకుంటే ఈ లెక్క టాప్ కన్నా ముందు గుర్తొస్తుంది.

పాతది కొంటే.. రెండు యంత్రాలు!

కొత్త కారు కొనేవాళ్లకి కన్వర్టిబుల్ టాప్ ఓ ముచ్చట. పాత కారు కొనేవాళ్లకి అది రెండో యంత్రం. మోటారు, తీగలు, కీళ్లు, గుడ్డ, రబ్బరు.. అన్నిటికీ కారు వయసే ఉంటుంది. మొదటి తరం బాక్‌స్టర్‌లో టాప్‌ని లాగే కడ్డీల చివర ప్లాస్టిక్ గిన్నెలుంటాయి. పాతబడితే అవి విరుగుతాయి. ఆ తరంలో 2003 మోడల్ రాకముందు వెనక కిటికీ కూడా అద్దం కాదు, ప్లాస్టిక్కే. చలికాలం మడిచేటప్పుడు ముడతపడితే పగిలిపోతుంది. అందుకే టాప్ సగంలో ఆపి, దిగి, ఆ ప్లాస్టిక్‌ను చేత్తో సర్ది మళ్లీ మీట నొక్కే యజమానులున్నారు!

అసలు శత్రువు నీళ్లు. మడిచిన టాప్ కూర్చునే చోట మూలల్లో వాన నీరు పోయే రంధ్రాలుంటాయి. చెట్టు కింద నిలిపిన కారుకి వాటిలో ఆకులు, దుమ్ము పేరుకుంటాయి. నీరు బయటికి పోక లోపలికి వస్తుంది. బాక్‌స్టర్‌లో దొంగతనం కాకుండా చూసే ఎలక్ట్రానిక్ పెట్టె ఉండేది సీటు కింద, నేలకి ఆనుకుని. అది తడిస్తే తాళం పెట్టినా కారు కదలదు. రూపాయి ఖర్చు లేని శుభ్రత మానేసినందుకు వందల డాలర్ల బిల్లు!

అందుకే కన్వర్టిబుల్ చూడ్డానికి వెళ్తే ఈ పనులు చేయండి.

టాప్‌ను కనీసం మూడుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, ఓ పక్క ముందు ఓ పక్క వెనక కదిలినా లోపం ఉన్నట్టే. సీట్ల వెనక తివాచీని అరచేత్తో నొక్కి చూడండి. తడి తగిలినా, ముక్క వాసన వచ్చినా జాగ్రత్త పడండి. గుడ్డ మడతపడే చోట అరిగిందేమో వెలుతురుకి ఎదురుగా చూడండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే గొట్టంతో నీళ్లు కొట్టించండి. చివరగా రైలు పట్టాలు దాటే రోడ్డు మీద, టాప్ మూసి నడపండి. అప్పుడు వినిపించే కిర్రుకిర్రుల్ని బట్టి ఆ కారు ఎలా బతికిందో తెలిసిపోతుంది. టాప్ మొత్తం మార్చాల్సి వస్తే ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది. చవగ్గా వచ్చిందనుకున్న తేడా అక్కడే కరిగిపోతుంది.

మరి కూపేకి ఏ బాధా లేదా?

ఎందుకు లేదు? కూపేలకి గతం వేరేగా ఉంటుంది. రేసు ట్రాకుల మీద సరదాగా నడుపుకొనే క్లబ్బులు అమెరికాలో చాలానే ఉన్నాయి. అదనపు రక్షణ లేని కన్వర్టిబుల్స్‌ని అక్కడ చాలాచోట్ల రానివ్వరు. అందుకే ట్రాకు మోజున్నవాళ్లు కూపేనే కొంటారు. అంటే మీరు చూస్తున్న కేమన్ ఆదివారాలు ఎక్కడ గడిపిందో కనుక్కోవాలి. బ్రేకు డిస్కుల అరుగుదల, టైర్ల అంచులు చెబుతాయి. ఇంజిన్‌ని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో కారు కంప్యూటర్లోనే నమోదై ఉంటుంది. మెకానిక్ దాన్ని చదివి చెప్పగలడు.

కన్వర్టిబుల్ కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అది చాలా ఇళ్లలో రెండో కారు. ఎండ కాసిన రోజు బయటికొస్తుంది, చలికాలమంతా గ్యారేజీలో నిద్రపోతుంది. మైళ్లు తక్కువ తిరిగిందని మురిసిపోతాం. కానీ కదలని కారులో రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది, టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. ఒకటి ఎక్కువ పరిగెత్తి అలసినది, ఇంకొకటి కూర్చుని కూర్చుని కీళ్లు పట్టేసినది!

ఈ రెంటికీ ఉమ్మడి జబ్బు ఇంకోటుంది. 2008 దాకా వచ్చిన ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఉంటుంది. దాని బేరింగ్ పాడైతే ఇంజిన్ మొత్తం పోవచ్చు. తొలి తరాల్లో ఈ భయం ఎక్కువ. 2006-08 నాటి పెద్ద బేరింగ్ అంత తొందరగా పోదుగానీ మార్చాలంటే ఇంజిన్ విప్పాల్సిందే. 2009 మోడల్ నుంచి ఆ ఇరుసే తీసేశారు. టాప్ గురించి పది రోజులు ఆలోచించి, ఇంజిన్ గురించి పది నిమిషాలు కూడా అడగకపోతే నష్టపోయేది కొనేవాళ్లే. పోర్షె పని తెలిసిన మెకానిక్‌కి ముందే చూపించడానికయ్యే డబ్బు దండగ ఖర్చు కాదు.

అమ్మ భయం సంగతి

'టాప్ లేని కారు పల్టీ కొడితే?' అన్న భయం ఇళ్లలోనే కాదు, కార్ల కంపెనీల్లోనూ ఉండేది. అమెరికా ప్రభుత్వం కఠిన నిబంధనలు తెస్తుందని 1970ల్లో అక్కడి కంపెనీలు కన్వర్టిబుల్స్ మానేయడం మొదలెట్టాయి. 1976 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడోని 'ఇదే ఆఖరిది' అంటూ అమ్మారు. జనం ఎగబడి కొని దాచుకున్నారు. అనుకున్న నిబంధనలు రాలేదు. 1984 మోడల్‌గా క్యాడిలాకే మళ్లీ టాప్ లేని ఎల్డొరాడోని తెచ్చింది. దాచుకున్నవాళ్లలో కొందరు కోర్టుకెళ్లారు! బాక్‌స్టర్‌లో సీట్ల వెనక ఉక్కు కమ్మీలు, బలమైన ముందు అద్దం చట్రం ఉంటాయి. బెల్టు పెట్టుకున్నవాళ్లకి అది పనికొచ్చే రక్షణే. అయినా గట్టి టాప్‌తో సమానం అనలేం.

చంటిపిల్లలున్న ఇల్లయితే ఇంకో మాట. రెండు సీట్ల కారులో బిడ్డ సీటు ముందే పెట్టాలి. వెనక్కి తిరిగి ఉండే చంటిపిల్లల సీటుని పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు. ఆ ఎయిర్‌బ్యాగ్‌ని ఆపే వీలుందో లేదో కొనే ముందే చూసుకోవాలి. ఇక్కడ కూపే అయినా కన్వర్టిబుల్ అయినా నియమం ఒక్కటే.

'తిరిగొచ్చేటప్పుడు ఇండియాకి తెచ్చుకుంటాలే' అనేవాళ్లూ ఉంటారు. ఆ ఆశ పెట్టుకోవద్దు. మనదేశంలోకి వచ్చే పాత కారుకి స్టీరింగు కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. ఆ పైన భారీ సుంకం. అమెరికాలో కొన్న ఎడమ స్టీరింగు కారు అక్కడే అమ్ముకోవాల్సిందే.

ఇంతకీ ఏది కొనాలి?

ముందు ఏడాదిలో ఎన్ని రోజులు టాప్ తీయగలరో లెక్కేయండి. నడినెత్తిన ఎండలో ఎవరూ తీయరు. హైవే వేగంలో చెవుల్లో గాలి హోరు. ఫీనిక్స్‌లో వేసవి వదిలేయాలి, షికాగోలో చలికాలం వదిలేయాలి. మిగిలిన ఉదయాలూ సాయంత్రాలూ వంద దాటితే కన్వర్టిబుల్ గురించి ఆలోచించొచ్చు. పది పన్నెండే అయితే ఆ మోజుని అద్దె కారుతో తీర్చుకోవచ్చు.

తర్వాత మీ ఆనందం ఎక్కడుందో చూసుకోండి. కొండదారి మలుపుల్లో కారు చెప్పినమాట వినాలనుకుంటే కూపే. రోజూ ఆఫీసుకీ దాన్నే తీసుకెళ్లాలి, వీధిలోనే నిలపాలి అంటే కూడా కూపేనే. గుడ్డ టాప్‌ని చాకుతో చీల్చడం దొంగకి పెద్ద పనికాదు. అలా కాకుండా సాయంత్రం పూట సముద్రం పక్కన నలభై మైళ్ల వేగంతో వెళ్తూ, చెట్ల వాసన పీల్చుకోవడమే మీ సరదా అయితే కన్వర్టిబులే కొనండి. చట్టం అనుమతించే వేగంలో కూపే బిగువు మీకు సగం కూడా తెలియదు. గాలి మాత్రం మొదటి గేరులోనే తెలుస్తుంది. కన్వర్టిబుల్ కావాలంటే చలికాలం మొదట్లో వెతకండి. అమ్మేవాళ్లు బేరానికి దిగొచ్చే కాలం అదే.

చివరి మాట. బిల్లులన్నీ భద్రంగా దాచిన యజమాని దగ్గర మంచి కారు కనిపించి, దాని టాప్ మాత్రం మీరు అనుకున్నది కాకపోతే దాన్ని వదులుకోకండి. రికార్డుల్లేని నచ్చిన టాప్ కన్నా, రికార్డులున్న నచ్చని టాపే నయం. ముందు ఊరు, తర్వాత కారు, ఆ తర్వాతే టాప్!