గురువు చేయి

విమానచోదనము నేర్ప బూనిన గురువునకు ప్రథమావశ్యకమైన విద్య, అవసరము కలుగనంతవరకు తన చేతులను తన యొడిలోనే యుంచుకొనుట యని నా దృఢవిశ్వాసము. 1917లో ఇంగ్లండునందలి గాస్పోర్టున మేజరు రాబర్టు స్మిత్-బారీ, అంతవరకు ప్రాణాంతకములని శిష్యులకు దూరముగ నుంచిన స్పిన్ (విమానము గిరగిర తిరుగుచు పడుట) మొదలగు విపత్స్థితులను, జంట కంట్రోళ్లు గల ఆవ్రో విమానమున శిష్యునే చోదకస్థానమున గూర్చుండబెట్టి, మాటలు వినిపించు గొట్టము ద్వారా కారణము వివరించుచు, బుద్ధిపూర్వకముగ కల్పించి, వానినుండి బయటపడు మార్గమును నేర్పించెను; ఈ బోధన శాస్త్రమను పేరునకు తగినది ఆనాటినుండియే. గురువు చేతి నిగ్రహమునకు పరీక్ష నేలకు దిగు వేళ: క్రొత్త శిష్యుడు నియంత్రణదండమగు స్టిక్కును పిడికిట బిగించి, ముక్కు క్రిందికి వచ్చు రన్‌వేనే చూచుచు, కాలము రాకమునుపే విమానపు ముక్కును పైకెత్తును. అప్పుడు గురువు చటుక్కున స్టిక్కు నందుకొన్నచో విమానము క్షేమముగ దిగును గాని, విద్య గురువు చేతియందే మిగిలిపోవును. "చూపు రన్‌వే చివరకు సారింపుము" అని యొక్క మాట పలికి, క్షేమపు మేర దాటనంతవరకు శిష్యుడే దిద్దుకొనుటకు వ్యవధి నొసగవలెను. మేర దాటినచో "కంట్రోలు నాది" యని స్పష్టముగ పలికి గైకొనవలెను. కేకలు వేయువానివద్ద శిష్యుడు దిగంతమును గాక గురువు ముఖమునే గమనించుట కలవాటుపడును. కావున, ఈ యోర్పు లేక, తన లాగుబుక్కున చోదనపు గంటలు నింపుకొనుటకే యీ పదవి జేపట్టువానికి, వాడెంత నిపుణుడైనను, తొలిపాఠముల శిష్యు నప్పగింపరాదు.