అడవిపువ్వును పొగిడేవారికి

కీర్తి గొప్పదా, గుర్తింపు లేని ప్రతిభ గొప్పదా? ఈ ప్రశ్న మన సాహిత్యసభల్లో తరచు వినిపిస్తుంది. జవాబు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది. కీర్తి క్షణికం, ప్రతిభ శాశ్వతం, అడవిలో పూసిన పువ్వుకు చూసేవారితో పనేమిటి అంటూ ఉపన్యాసం సాగిపోతుంది. శ్రోతలు చప్పట్లు చరుస్తారు. ఆ మాట చెప్పినవారి మెడలో దండ, భుజాన శాలువా ఉండటం ఎవరికీ విడ్డూరంగా తోచదు.

నాకు ఈ వాదం మీద చిరకాలంగా అభ్యంతరం ఉంది. ఎందుకో చెప్పడానికి ఒక్క మనిషి జీవితం చాలు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. భాస్వరాన్ని కొలిచేందుకు 1925లో వారు ప్రకటించిన పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచాయి. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీసిన కృషిలోనూ ఆయన భాగస్వామి. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్ళిపోయారు. అక్కడ పరిశోధనకు నాయకత్వం ఆయన చేతికి వచ్చింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకేన్సరు సోకిన పసిపిల్లలకు తొలిసారి ఊరట కలిగించిన అమినోప్టెరిన్, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అక్కడినుంచే వెలువడ్డాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు చెప్పండి. ప్రయోగశాల, సహాయకులు, మాటకు విలువ దొరికాక కదా ఈ మందులన్నీ వచ్చినవి! శాలువా లేకపోయినా ప్రతిభ బతుకుతుంది. పనిముట్టు లేకపోతే బతకదు. మన ఉపన్యాసకులు ఈ రెంటినీ ఒకే గాట కట్టి, కీర్తిని తిట్టే నెపంతో గుర్తింపును కూడా తోసిపుచ్చుతున్నారు. కీర్తి అంటే తెలియనివారు కూడా పేరు పలకడం. గుర్తింపు అంటే తెలిసినవారు పని చేయనివ్వడం. మొదటిది లేకుండా నిండుగా జీవించవచ్చు. రెండవది లేని జీవితాన్ని ధన్యమనడం క్రూరత్వం.

"ఆయన కీర్తిని ఆశించలేదు కదా?" అనవచ్చు. నిజమే, ప్రచారానికి ఆయన దూరంగానే ఉన్నారు. పనిలో ఆయన పొందిన ఆనందాన్ని నేను కాదనను. కాని అడగకపోవడం ఆయన సంస్కారం. ఇవ్వకపోవడం మన సంస్కారం కాజాలదు. పైగా ఆ జీవితానికి మూల్యం చెల్లించినవారు ఆయన ఒక్కరే కాదు. 1923లో ఓడ ఎక్కిన మనిషి మళ్ళీ స్వదేశం చూడలేదు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆమె ముందు నిలబడి అజ్ఞాతజీవితపు మాధుర్యాన్ని వర్ణించగలవారెవరు?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. ఇక్కడ చెట్టు మందే ఇచ్చింది, పెరటివారే పేరు మరిచారు. 1995లో, శతజయంతి సందర్భంగా, తపాలా బిళ్ళ వచ్చింది. కోస్తా జిల్లాల్లో ఊరూరా బోదకాలు మాత్రలు పంచారు. హెట్రజాన్ అంటే ఆ డి.ఇ.సి. మాత్రే. మింగినవారిలో ఎందరికి తెలుసు, దాని వెనుక భీమవరం బిడ్డ ఉన్నాడని?

కాబట్టి నా సమాధానం ఇది. తన పని విలువ ఎరిగిన నలుగురు బతికుండగానే ఎదురైన జీవితం మేలైనది. ఆ నలుగురిలో ఒకరు కావడం మన చేతిలో ఉంది. అచ్చుకు నోచుకోని కావ్యాన్ని ట్రంకుపెట్టెలో దాచుకున్న మాస్టారు మీ వీధిలోనే ఉండవచ్చు. వెళ్ళి, అడిగి, చదవండి. బాగుంటే ఆయనతోనే చెప్పండి.

ఇక ఈసారి సభలో ఎవరైనా అడవిపువ్వును పొగిడితే, తాము ఆ అడవికి ఎన్నిసార్లు వెళ్ళారో అడగడం మరువకండి.