రాతితోపాటే పుట్టవలసిన ముద్ర

బస్తరులోని బారసూరులో నాగవంశపు రాజు సోమేశ్వరదేవుని రాణి గంగమహాదేవి శివాలయాలకు గ్రామాన్ని దానమిచ్చి వేయించిన శాసనమొకటి దొరికింది. అది తెలుగులో ఉండడం మనకు విశేషం. సాధారణంగా దానశాసనాల చివర, ఆ దానాన్ని హరించినవారికి కలిగే పాపాన్ని కూడా చెక్కించేవారు. ఆ రక్షణవాక్యం రాతితోపాటే పుట్టాలి. తరువాత చేర్చబోతే రాయే చెడుతుంది.

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకూ ఇదే చిక్కు. దానిలో పనిచేసేది లైనక్స్. ప్రతి ఫైలుకూ ఒక భద్రతా లేబులు ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఏ లేబులుగల ఫైలును ముట్టవచ్చునో నియమావళి నిర్ణయిస్తుంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో వెలువరించిన ఈ పద్ధతికి ఎస్.ఇ.లైనక్స్ అని పేరు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5తో ఇది ఫోనులలో పూర్తిగా అమలయింది. లేబులును మామూలుగా ఫైలుకు అనుబంధంగా డిస్కుమీదనే వ్రాస్తారు. మరి ఫోనులోని మూలవ్యవస్థ ఉండే భాగం చదవడానికే తప్ప వ్రాయడానికి వీలులేనిది కదా!

ఉపాయాలు రెండు. సీడీలవంటి వాటిలో లేబులు వ్రాసుకొనే చోటే సాధారణంగా ఉండదు. అందుచేత డిస్కును వ్యవస్థకు తగిలించేటప్పుడే, లోపలి ఫైళ్ళన్నిటికీ ఒకే లేబులని కెర్నెల్‌కు చెబుతారు. గిడ్డంగి తలుపుకు చీటీ అంటించినట్లన్నమాట. బియ్యానికీ, కిరసనాయిలుకూ అదే చీటీ. డిస్కును తీసివేస్తే చీటీ కూడా పోతుంది. ఇది మోటు పద్ధతి. రెండవది శాసనకర్తల పద్ధతి: ఆ భాగాన్ని తయారుచేసేటప్పుడే ఒక్కొక్క ఫైలుకూ తగిన లేబులు వ్రాసి, ఆపైన మూసివేయడం. ఫోనులలో మూలవ్యవస్థకు చేసేది ఇదే.

తునికాకు సొమ్ము ఖాతాలో పడిందో లేదో ఫోనులో చూసుకొనే కుంట ప్రాంతపు స్త్రీకి ఇది గట్టి కాపలా. మోసపు ప్రోగ్రాము ఏదైనా ఫోనులో చొరబడినా, మూలవ్యవస్థను తిరగవ్రాయడం దానికి సులభం కాదు. కాని లేబులులోనో, నియమావళిలోనో తప్పుంటే? ఆమె కూడా దిద్దలేదు. తయారీదారు ఆ భాగాన్ని కొత్తగా తయారుచేసి పంపవలసిందే. కొన్ని సంవత్సరాల తరువాత వారు పంపడం మానివేస్తారు. ఫోను మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, తప్పు కూడా అట్లే భద్రంగా ఉంటుంది. చేతులు మారిన ఫోనును కొనేవారు అద్దం గీతలకన్న ముందు, సెట్టింగులలో భద్రతా అప్‌డేట్ ఎదుట ఉన్న తేదీని చూడడం మంచిది.